రఫత్ మేడం వింటి పాఠాలు

సిరిసిల్ల బయట, చదును చేసిన ఒక చిన్న మైదానంలో పొద్దున్నే ఆడపిల్లలకు విలువిద్య నేర్పుతుంటాను. వాళ్లు బాణాలు వేస్తున్నప్పుడు నేను చాలాసార్లు గురివైపు చూడను. నారి వదిలినప్పుడు వచ్చే చప్పుడు వింటాను. మంచి బాణానికి ఆ చప్పుడు పొట్టిగా, మెత్తగా ఉంటుంది. దుప్పటి ఒక్కసారి దులిపి ఆపినట్టు వినిపించి ఆగిపోతుంది. వింటికి తగిన బరువు లేని బాణమైతే నారి టంగుమని మోగుతుంది, చేతిలో విల్లు కాసేపు వణుకుతూనే ఉంటుంది. నిన్న ఒక పిల్ల చేతిలో విల్లు అలాగే మోగింది. వెంటనే నా చెవిలో ఇంకో గొంతు పలికింది. "గీ మోతంత ఏందో తెల్సా బేటా? బాణానికి పోవాల్సిన శక్తి ముచ్చట్లల్ల పడ్డది." అది మా రఫత్ మేడం మాట. తరగతిలో వెనక బెంచీ వాళ్లు గుసగుసలాడితే ఎలా అనేదో, విల్లు మోగినా అలాగే అనేది.

కోరుట్లలో నేను చదివిన ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆమె ఫిజిక్స్ టీచర్. సొంత ఊరు కోరుట్లే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. వేగంగా పాఠం చెప్పేటప్పుడు రెండూ కలిసిపోయేవి. వాళ్ల నాన్న దర్జీ కావడం వల్లనేమో, బట్టలు కొలిచే టేపు ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది. దేన్నయినా చూసి "శానా పొడుగుంది", "శానా బరువుంది" అని మేం అంటే ఒప్పుకునేది కాదు. ఎంత పొడుగు, ఎంత బరువు అని అడిగేది. తెలియకపోతే తెలియదని ఒప్పుకోమనేది, కొలిచి చెప్పమనేది. నేను ఎనిమిదో తరగతిలో ఆ బడిలో చేరాను. మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటారు. ఇంట్లో అందరికంటే బక్కదాన్ని నేనే. బడిలో కూడా కబడ్డీకి జట్లు విడదీసేటప్పుడు చివరిదాకా నిలబడిపోయేది నేనే.

ఒకసారి బడికి ఆట సామాన్లతో పాటు వెదురు విల్లులు కొన్ని, బాణాలు వచ్చాయి. నేర్పేవాళ్లను మాత్రం ఎవరూ పంపలేదు. మా బడిలో ఆటల టీచర్ ఉద్యోగం అప్పటికే ఖాళీగా ఉంది. విల్లులు సామాన్ల గదిలో గోడకు ఆనించి ఉండిపోయాయి. రఫత్ మేడం ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్లి, సాగే గుణం మీద పాఠం ఉందని, ల్యాబ్‌కు ఒక విల్లు కావాలని అడిగి తెచ్చుకుంది. దానితో ఆటలాడించాలని ఆమె అప్పుడు అనుకోలేదు. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పింది.

ల్యాబ్ గోడకున్న గట్టి కొక్కేనికి విల్లును నడిమి భాగం పట్టుకునేలా తగిలించింది. నారి కిందికి ఉంది. నారి మధ్యలో ఒక బకెట్ వేలాడదీసి, ఒక్కో చెంబు నీళ్లు పోయమని మాకు చెప్పింది. ప్రతి చెంబుకూ నారి కొంచెం కొంచెం దిగుతూ ఉంటే, ఒకమ్మాయి టేపుతో కొలుస్తూ చెప్పడం, నేను బోర్డు మీద చుక్క పెట్టడం. చుక్కలన్నీ కలిపితే ఏటవాలుగా ఎక్కే గీత అయింది. చివర్లో నారి మొండికేసింది. చెంబెడు నీళ్లు పోసినా ముందరంత దిగలేదు, గీత నిటారుగా లేచింది. బకెట్ బరువు బలమని, బలమూ శక్తీ ఒకటి కాదని ఆమె అప్పటికి ఎన్నోసార్లు చెప్పి ఉంది. మాకు రెండూ ఒకటే అనిపించేవి. ఆ రోజు ఆమె సుద్ద పక్కకు తిప్పి, గీత కింద ఉన్న చోటంతా తెల్లగా పూసింది.

"గీత ఎంత ఎత్తు పోయిందని చూడకుర్రి. గీత కింద ఎంత జాగ ఉందో చూడుర్రి. మీరు పెట్టిన కష్టమంత గీ జాగలనే ఉన్నది. విల్లు గంతా దాసుకుంటది."

తర్వాత తన కాలి స్లిప్పర్ విప్పి, కడిగి తెచ్చి, దాని అంచు మీద పెన్నుతో నిలువు గీతలు గీసింది. స్లిప్పర్‌ను వంచితే బయటివైపు గీతలు దూరం జరిగాయి, లోపలివైపు దగ్గరకొచ్చాయి. వెదురు కూడా ఇంతే. విల్లు వంగినప్పుడు ఒకవైపు పోగులు సాగుతాయి, ఇంకోవైపువి అణుగుతాయి. రెండూ మునుపటిలా కావాలని చూస్తుంటాయి. వదలగానే నారిని లాక్కుంటూ వెనక్కి వస్తాయి. చేత్తో విసిరితే బాణం నాలుగడుగుల్లో పడిపోతుంది, అదే చెయ్యి వింటిని వంచితే ఎందుకంత దూరం వెళుతుందని ఒకరు అడిగారు. చేతికి అంత వేగంగా కదలడం రాదు, కానీ నెమ్మదిగా గట్టి పని చేయడం వచ్చు. విల్లు ఆ నెమ్మది పనిని తీసుకుని రెప్పపాటులో తిరిగిస్తుంది. ఆమె అది చెప్పి ముగించేసరికి బయటికి వెళ్లి బాణం వేసి చూడాలని తరగతి మొత్తానికీ అనిపించింది. ఆమెకూ అనిపించినట్టుంది.

అలా మొదలైంది. సాయంత్రం ఆటల వేళలో ఆమె మమ్మల్ని బడి వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లేది. ఎవరో రైతు ఇచ్చిన వరిగడ్డితో గట్టిగా మోపులు కట్టించి గురి పెట్టింది. విలువిద్య నేర్పేవాళ్ల వీడియోలు ఫోన్‌లో చూసి వచ్చేది, వాళ్లు చెప్పిందాన్ని మా చేత చేయించి, ఎందుకలా చేయాలో మాతోనే తేల్పించేది. మొదటివారమంతా నేను నారిని గడ్డం దాకా తేలేకపోయాను. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నేనిక రానని చెప్పాను. ఆమె బతిమాలలేదు, తిట్టలేదు. నా వెనక నిలబడి వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య వేలు పెట్టి, చేతిని మరిచిపోయి ఆ ఎముకలతో వేలిని నొక్కమంది. ఎముకలు ఒక వరసలో నిలబడితే బరువు వాటి మీద పడుతుందని, కండ ఒక్కటే మోయక్కర్లేదని చెప్పింది. వేలిని నొక్కాలని చూశాను. నారి దానంతటదే వచ్చి నా గడ్డానికి ఆనింది. వదలడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాను. నా ఒంట్లో అలాంటి చోటు ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఏడాది చలికాలంలో ప్రమాదం జరిగింది. సుజాత అని కథలాపూర్ నుంచి వచ్చిన అమ్మాయి, రైతుల బిడ్డ, మాలో అందరికంటే బలమైనది. మా జట్టులో కొత్తగా చేరింది. ఒక సాయంత్రం తన వంతు కోసం ఎదురుచూస్తూ, ఎంతదాకా గుంజగలనో చూద్దామని బాణం పెట్టకుండానే నారిని చివరిదాకా లాగింది. వేళ్లు జారాయి. తుపాకి పేలినట్టు చప్పుడైంది. విల్లు పై సగం నిలువునా చీలి, ఒక ముక్క పక్కనే ఉన్న నా కనుబొమ్మ మీద తగిలింది. ముందు నొప్పి తెలియలేదు, కన్ను నిండా వెచ్చగా ఏదో కారుతున్నట్టు మాత్రం తెలిసింది. రఫత్ మేడం తన దుపట్టా మడిచి గాయం మీద అదిమిపట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. కుట్లు వేస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. కంటికేమీ కాలేదని డాక్టర్ చెప్పాడు.

మర్నాడు ప్రార్థన దగ్గర ప్రిన్సిపాల్ మేడం, ఆ పని చేసిందెవరో ముందుకు రమ్మంది. సుజాత వచ్చి తల దించుకుని నిలబడింది. రాత్రంతా ఏడ్చిన మొహం. అప్పుడు రఫత్ మేడం టీచర్ల వరసలోంచి నడిచి వచ్చి సుజాత పక్కన నిలబడింది.

"సుజాత తప్పు లేదు. వింటిల శక్తి ఎట్ల నిండుతదో నేను చెప్పిన. బాణంలకు ఎట్ల పోతదో చెప్పిన. బాణం లేకపోతె గది ఏడికి పోతదో చెప్పలే. విల్లు చేతికియ్యకముందే చెప్పాల్సిన మాట గది. తప్పు నాది."

అంతమంది పిల్లల ముందు ఒక టీచర్ తప్పు నాదని చెప్పడం నేను అంతకుముందు వినలేదు. ల్యాబ్‌లో చెంబుకు ఎంత దిగిందో చదివినట్టే చెప్పింది. ఆ తర్వాతి పీరియడ్‌లో విరిగిన విల్లును తెచ్చి మా చేతులకిచ్చింది. చీలిన పోగులు తడిమి చూడమంది. నిండిన శక్తి ఎక్కడికో ఒకచోటికి పోక తప్పదు. బాణం ఉంటే చాలావరకు అది తీసుకుని వెళ్లిపోతుంది. లేకపోతే నారి బిగుసుకున్న క్షణంలో అంతా వెనక్కి తిరిగి వెదురు మీదే పడుతుంది. ఇది చెబుతున్నప్పుడు ఆమె నా కట్టువైపు చూడకుండా ఉండలేకపోయింది. తల్లిదండ్రులు సరేననేదాకా విల్లులు బయటికి రాకూడదని ప్రిన్సిపాల్ మేడం సామాన్ల గదికి తాళం వేయించింది.

కబురు అందగానే మా బాపు పొద్దటి బస్సుకు సిరిసిల్ల నుంచి వచ్చాడు. నా కట్టు చుట్టూ వేలితో తడిమి చూశాడు. బట్టలు సర్దుకొమ్మన్నాడు. ఈ బడీ వద్దు, ఈ ఆటా వద్దు, సిరిసిల్లలోనే ఏదో బడిలో చేరుస్తానన్నాడు. నేను ఏడుస్తూ ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే ఆయన వెళ్లి రఫత్ మేడం ఎదుట నిలబడ్డాడు.

"మేడం, ఆడపిల్ల మొఖం మీద దెబ్బ పడ్డది. ఇంక గింత కిందికి తాకితే ఏమయ్యేది?"

"కన్ను పోయేదన్నా," అంది మేడం. "మీకు అబద్ధం చెప్ప. తప్పు నాది. మీరు తోలుకపోత అంటే నేను అడ్డం రాను. ఒక్కపారి మీ బిడ్డ ఏం నేర్సుకుందో చూసి తోలుకపోండ్రి."

ఆమె అలా అంటుందని బాపు అనుకున్నట్టు లేదు. కోపంగా వచ్చిన మనిషి, సరే చూపించమన్నాడు. ప్రిన్సిపాల్ మేడంను అడిగి తాళం తీయించారు. బడి వెనక స్థలంలో బాపు విల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. సాంచాల మీద పనిచేసిన చేతులు, ఏ సామాను చేతికొచ్చినా దాని గట్టితనం చూస్తాయి. నారి పట్టుకుని గుంజబోతే మేడం ముందు బాణం పెట్టించింది. బాపు చేతుల బలమంతా పెట్టి లాగాడు. ముప్పావు దాకా వచ్చింది, భుజాలు పైకి లేచాయి, బాణం కొస గాల్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మెల్లగా వెనక్కి వదిలేశాడు. అప్పుడు మేడం విల్లు నాకు ఇమ్మంది.

కనుబొమ్మ లాగుతోంది, కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆమె వేలు ఉండే చోటును తలచుకుని నారిని గడ్డం దాకా తెచ్చి, అక్కడ ఆపాను. బాపు చూస్తున్నాడని తెలుసు గనుక కావాలనే కాసేపు ఎక్కువ ఆపాను. వదిలాను. బాణం గడ్డిమోపులో ఈకల దాకా దిగింది. బాపు అక్కడికి నడిచివెళ్లి, బాణం పట్టుకుని లాగి చూసి, రాకపోతే రెండు చేతులతో లాగి తీసుకొచ్చాడు.

"నీకు గంత బలం ఏడికెల్లి అచ్చింది బిడ్డా?"

అది నాది కాదని, వింటిదని చెప్పాను. నేను మెల్లగా ఇచ్చింది దాచుకుని, అది ఒక్కపారే ఇస్తుందన్నాను. పాఠం బాగా అప్పజెప్పానని మేడంవైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాదన్నా. విల్లు సొంతంగ ఏమీ ఇయ్యది. మీ బిడ్డ పెట్టిందే తిరిగిస్తది, గదీ కొంచెం తక్కువ చేసి ఇస్తది. మీరు చూసిందంత గీ పిల్లదే."

బాపు ఆ బాణాన్ని నా చేతికిచ్చాడు. తర్వాత ట్రంకు పెట్టె మళ్లీ లోపల పెట్టుకొమ్మని నాతో అన్నాడు. పిల్ల ఆడుతుందని ప్రిన్సిపాల్ మేడంకు తనే చెప్పి, సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ రాత్రి షిఫ్టులో పక్క సాంచాల వాళ్లందరికీ చేతులు చాపి, నా బిడ్డ గిట్ల గుంజుతదని చూపించాడట. మా అమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

మళ్లీ సాధన మొదలైన రోజు మేడం మొదటి బాణం సుజాతను వేయమంది. సుజాత విల్లు ముట్టుకోనంది. మేడం నన్ను పిలిచి సుజాత పక్కన, విల్లు విరిగినప్పుడు ఎంత దగ్గర ఉన్నానో అంతే దగ్గర నిలబడమంది, భయమైతే వద్దని కూడా అంది. భయమైంది. అయినా నిలబడ్డాను. సుజాత బాణం పెట్టి, అది నారికి సరిగా కూర్చుందో లేదో వేలితో చూసుకుని, నావైపు ఒకసారి చూసి లాగింది. ఆ బాణం ఎక్కడ పడిందో నాకు గుర్తులేదు. వేశాక ఆమె విల్లు కింద పెట్టి నన్ను పట్టుకోవడం మాత్రం గుర్తుంది.

జగిత్యాలలో జిల్లా ఎంపికలకు వెళ్లినప్పుడు మిగతా జట్లకు ట్రాక్ సూట్లున్నాయి, మెడలో ఈల వేసుకున్న కోచ్‌లున్నారు. మా వెంట దుపట్టా సర్దుకుంటూ ఒక ఫిజిక్స్ టీచర్ ఉంది. ఆ రోజు ఎదురుగాలి. అందరూ కంగారుపడుతుంటే ఆమె మా బాణాల్లో బరువైనవి వేరుచేసి ఇచ్చింది. తేలిక బాణం జల్దీ బయలుదేరుతుంది, గాలి దాన్ని జల్దీ ఆపుతుంది. బరువైనది వింటి దగ్గర ఎక్కువ శక్తి తీసుకుంటుంది, దారిలో తక్కువ పోగొట్టుకుంటుంది, కాకపోతే గురి కొంచెం పైకి పెట్టుకోవాలి. అంతవరకే చెప్పి పక్కకు వెళ్లి కూర్చుంది. సుజాత మొదటి స్థానంలో నిలిచింది. నేను జిల్లా జట్టులోకి చివరిదానిగా ఎక్కాను. పిల్లలను ఎవరు తయారుచేశారని ఒక పెద్దాయన అడిగితే సుజాత గట్టిగా, మా ఫిజిక్స్ మేడం, అంది. ఆయన నమ్మలేనట్టు చూశాడు. మా ఇద్దరి తలలు ఇంకొంచెం పైకి లేచాయి. బస్సులో మేడం స్వీటు పెట్టి, మార్కుల ఊసెత్తకుండా, ఏ బాణం తప్పిందో, ఎందుకు తప్పిందో ఒక్కొక్కరినీ అడుగుతూ కోరుట్ల దాకా వచ్చింది.

రాష్ట్ర పోటీల్లో మాకు పతకమేమీ రాలేదు. సుజాత తర్వాత పోలీసు ఉద్యోగంలో చేరింది. నేను జగిత్యాలలో డిగ్రీ చదివి, ఫిజిక్స్ టీచర్‌నే అయ్యాను. రఫత్ మేడం రిటైరైన రోజు పాత పిల్లలమంతా బడికి వెళ్లాం. ఇన్నేళ్లు నేర్పిన మనిషి అప్పటిదాకా మా ఎదుట ఒక్క బాణం కూడా వేయలేదు. చిన్నప్పుడు విరిగిన భుజం సరిగా అతుక్కోలేదని, చెయ్యి ఒక ఎత్తుకు మించి వెనక్కి పోదని మాకు పెద్దయ్యాకే తెలిసింది. ఆ రోజు మేం పట్టుబడితే, అన్నిటికంటే తేలికైన విల్లు తీసుకుని, చెయ్యి వచ్చినంత మేరకు, సగం దాకా లాగి వదిలింది. బాణం గురికి చాలా ముందే గడ్డిలో పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వుతూ మావైపు తిరిగింది.

"సగం గుంజితే సగం శక్తి అనుకుంటున్నరా? పావే. గందుకే గాడ పడ్డది. ఎందుకు పావో చెప్పుర్రి."

రిటైర్మెంటు దండ ఇంకా ఆమె మెడలో ఉంది. మేం నిలబడ్డచోటే గాల్లో వేలితో గీత గీసి, పొడుగూ సగమే, ఎత్తూ సగమే గనుక గీత కింది జాగ పావేనని లెక్క చెప్పాం.

పోయిన నెల, చక్రాలున్న కొత్త రకం విల్లు ఒకటి మా పిల్లల కోసం వచ్చింది. దాన్ని కారులో పెట్టుకుని కోరుట్లలో ఆమె ఇంటికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేకపోతోంది. విల్లును ఒళ్లో పెట్టుకుని చక్రాలను వేలితో తడిమి చూసింది. నన్ను మంచం పక్కన నిలబెట్టి, ఇప్పుడు నువ్వు చెప్పు నేను వింట, అంది. చెప్పాను. లాగుతుంటే బరువు ఒక్కసారిగా పెరిగి, ఆ ఎత్తులోనే సాగి, చివరికి వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుందని, అందుకే గురి చూస్తూ ఎంతసేపైనా ఆపగలమని కాగితం మీద గీసి చూపించాను. గీత కింది చోటు చూసి ఆమె కళ్లు వెలిగాయి. తర్వాత చక్రాల మీద వేలు పెట్టి, ఇవి కూడా తిరగాలి గదా, వీటికి ఎంత పోతది, అని అడిగింది. మన వెదురు వింటికంటే ఎక్కువే తింటాయని తనకు అనిపిస్తున్నదంది. నాకు తెలియదన్నాను, కొలిచి చెప్తానన్నాను.

బాణం వేగం చూసే యంత్రం అడిగి తెచ్చుకుని, మా పిల్లలతో కలిసి రెండు విల్లులతోనూ బాణాలు వేసి కొలిచాను. పిల్లలు లెక్క కట్టారు. పెట్టినదాంట్లో ఎక్కువ వంతు తిరిగిచ్చింది చక్రాల విల్లే. ఆదివారం సాధన మధ్యలో ఆమెకు ఫోన్ చేసి, మీరు అనుకున్నది తప్పు మేడం, అన్నాను. ఎట్ల కొలిచావని, బాణం బరువు రెండిటికీ ఒకటేనా అని, ఎన్నిసార్లు వేశారని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను.

"అచ్ఛా," అంది. "గీది నాకు తెల్వదు లతా. మంచిగ చెప్పినవ్."

ఆ గొంతులో ఎంత సంతోషముందంటే, ఫోన్ పెట్టేశాక నేను పిల్లల దగ్గరికి పరుగున వెళ్లి, మీ లెక్క రఫత్ మేడం ఒప్పుకుంది, అని చెప్పాను. ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. చెప్పమని చుట్టూ కూర్చున్నారు.